ఎనిమిది అనే దాకా

...అయినా ఊపిరిని ఒకరికి ఒకరు నేర్పడమేమిటి, పుట్టిన బిడ్డకు ఎవరు నేర్పారని, అనుకుంటూనే గంగాధరం రెండు అరచేతుల్నీ పైకి తిప్పి, నెత్తి మీద ఆకాశాన్ని మోస్తున్నవాడిలా ఎత్తాడు. మడమలు నేల విడిచాయి. అందరికీ వచ్చినదాన్నే నేర్పుతున్నానని చెప్పుకోవడంలో ఒక చిన్న దొంగతనం ఉంది. ఉందని తెలిసినా సంతోషం తగ్గడం లేదు. గాలి బొడ్డు కిందికి దిగిందనిపించాక మెల్లగా వదిలాడు. మిద్దె మీది సిమెంటులో రాత్రి చలి ఇంకా పోలేదు. పక్కింటి మిద్దె మీద దండెం మీది బట్టల సందులోంచి ఎవరో చూస్తున్నారు. చూడనీ. పది రోజుల కిందటైతే చేతులు దించేసేవాడు.

పది రోజులుగా తన చేతులు లేస్తే పన్నెండు జతల చేతులు లేస్తున్నాయి. నలభై ఆరేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. ఆఫీసులో తను చేయి ఎత్తితే అది ఫ్యాను స్విచ్చు కోసమని అందరికీ తెలుసు.

"ఆకాశాన్ని రొంచేపు నేను పట్టుకుంటాలే గానీ మీరు కిందికి రాండి. కాఫీ సల్లారిపోతాండాది" అంది మెట్ల మీదినుంచి భార్య వసంతమ్మ.

"వస్తాండానే."

"చైనాలో అందరూ పొద్దున్నే ఇట్ల నిలబడుకుంటే వాళ్ళకు కాఫీలు ఎవరు పెడతారో."

"వాళ్ళు టీ తాగుతారు."

"అదైనా ఆడోళ్ళే గదా పెట్టేది" అని ఆమె దిగిపోయింది.

చేతులు దించుతూ మూడేళ్ళ కింద కుప్పంలో చూసిన ముసలాయనను తలచుకున్నాడు. కొత్తగా తెప్పించిన పట్టుదారం యంత్రాన్ని బిగించడానికి వచ్చిన చైనా ఫిట్టరు. ఆరు వారాలు ఆయన వెంట ఉండమని పట్టుపరిశ్రమ శాఖ గంగాధరాన్ని పంపింది. ఇద్దరికీ కలిసిన భాష లేదు. తెల్లవారగానే గెస్ట్‌హౌస్ వెనక ఆయన ఎనిమిది కదలికలు చేసేవాడు. గంగాధరం వెనక నిలబడి చేసేవాడు. ఆయన ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. పోయే రోజు మాత్రం ఒక కాగితం మీద ఎనిమిది బొమ్మలు గీసి ఇచ్చి, గంగాధరం పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గాలి రావడమూ పోవడమూ చూసి నవ్వాడు. అవి తావో అనే పాత చైనా సాధన దారిలోవని తర్వాత బెంగుళూరు ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకంలో చదివాడు. నీళ్ళు పల్లానికి పోయినట్టు ఒళ్ళు కదలాలి, ఎక్కడా బలవంతం ఉండకూడదు, అని అందులో ఉంది.

ఒక్కటి మాత్రం ఆ పుస్తకంలోనూ లేదు, ఆ బొమ్మల్లోనూ లేదు. ఊపిరిని పట్టి నిలపడం. అది గంగాధరం సొంతంగా చేర్చింది. ఎనిమిది దాకా పీల్చి, ఎనిమిది దాకా నిలిపి, ఎనిమిది దాకా వదలడం. ఎందుకు చేర్చాడో అతనికే సరిగా తెలియదు. తనకు ముప్పై దాకా నిలుస్తుంది. బహుశా అందుకే.

ఇనాయతుల్లా పట్టుదారం షెడ్డు మదనపల్లెలో పుంగనూరు రోడ్డుకు కొంచెం లోపలగా ఉంది. రెండు వరుసల్లో పన్నెండు బేసిన్లు. ఒక్కో బేసిను కింద పొయ్యి, ఒక్కో బేసిను ముందు ఒక ఆడమనిషి. ఉడికిన పట్టుగూళ్ళు వేడినీళ్ళలో తేలుతుంటే కుంచెతో తట్టి కొసలు పట్టుకుంటారు. ఎనిమిది గూళ్ళ కొసలు కలిస్తే ఒక దారం. అది పైన తిరిగే రాట్నానికి ఎక్కుతుంది. ఒక గూడు అయిపోగానే ఇంకో గూటి కొసను నడుస్తున్న దారం మీదికి విసరాలి. ఆ విసురు కంటికి కనబడదు. గూట్లో పురుగు ఉడికిన వాసన గోడలకు, చీరలకు, ఆ ఆడవాళ్ళు తెచ్చుకున్న సద్దిమూటలకు కూడా పట్టి ఉంటుంది. కిటికీలకు గోనెపట్టలు మేకులతో కొట్టి ఉన్నాయి. గాలి తగిలితే దారం తెగుతుంది.

పద్నాలుగేళ్ళుగా గంగాధరం నెలకోసారి ఇక్కడికి వస్తున్నాడు. తలుపు దగ్గరి బేసినులో పరీక్ష కాగితం ముంచి, ఫారం నింపుకుని, ఐదు నిమిషాల్లో బయటపడేవాడు. ఆ ఫారంలో నీళ్ళకు ఒక గడి ఉంది, దారం సన్నదనానికి ఒక గడి ఉంది. కిందటిసారి వచ్చినప్పుడు మునీరా అనే పడుచుపిల్ల భుజం పట్టేసి ముఖం చిట్లించుకుంటుంటే, ఫారం సంకలో పెట్టుకుని, చేయి ఎలా తిప్పాలో చూపించాడు. వెనక నుంచి ఇనాయతుల్లా చూశాడు. "అరే సాబ్, ఇంత విద్య దాచిపెట్టుకోని ఉండారే, అందరికీ నేర్పండి" అన్నాడు. పదకొండు గంటలకు టీకి ఇచ్చే పది నిమిషాల్లో ఐదు నిమిషాలు కసరత్తుకు పోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. టీని తొందరగా తాగడం నేర్చుకున్నారు. ఆఫీసులోనూ ఎవరూ అడగలేదు. గంగాధరం సీట్లో లేడని గమనించేవాళ్ళు అక్కడ తక్కువ.

ఆ సోమవారం అయిదో కదలిక చెప్పాడు. ఒక చేయి ముందుకు పోతుంటే ఇంకో చేయి వెనక్కి రావాలి. నడుము తిరుగుతుండాలి. ఎక్కడా ఆగకూడదు.

"గూటి నుంచి దారం తీసినట్టు" అన్నాడు. పుస్తకంలో ఉన్న మాటే అది. చదివిన రోజున ఈ షెడ్డులో చెప్పాలని దాచుకున్నాడు. "గట్టిగా లాగితే తెగిపోతుంది, ఆపితే చిక్కు పడుతుంది. చైనావాళ్ళు రెండు వేల ఏళ్ళ కింద కనిపెట్టినారు."

రెండు వరుసల్లోనూ ఒక్కసారి నవ్వు లేచింది.

"సార్, పొద్దు మొలిచినప్పటి నుంచి మేం చేస్తాండేది అదే గదా" అంది మునీరా. "చైనావోళ్ళు మా అట్లాంటి పనోళ్ళను సూసి, పని అని తెలీక కసరత్తు అనుకున్న్యారేమో."

"అయితే మాకు కసరత్తు ఎక్కువైపోయింది సార్, రొంత పని ఇప్పించండి" అంది ఇంకో ఆమె.

గంగాధరం కూడా నవ్వాడు. నవ్వుతూనే ఏడో బేసిను దగ్గర నిలబడిన సిద్దమ్మను చూశాడు. నలభై అయిదేళ్ళుంటాయి. రామసముద్రం వైపు మనిషి, పుంగనూరు బస్సులో వచ్చిపోతుంది. ఆమె నవ్వలేదు. ఖాళీ చేతుల్తో లేని దారాన్ని తీస్తోంది. వేళ్ళ కొసలు నానీ నానీ తెల్లగా, గీతలు చెరిగిపోయి ఉన్నాయి. చేయి ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో తెలియకుండా తిరిగి వస్తోంది. మూడేళ్ళుగా మిద్దె మీద తను పట్టుకోలేక వదిలేస్తున్నది అదే. కుప్పం ముసలాయన చేతిలో ఉన్నదీ అదే. చెప్పాలనుకున్నాడు. గురువు స్థానంలో నిలబడి చెప్పడం ఎలాగో తెలియక ఊరుకున్నాడు.

"ఇప్పుడు ఊపిరి" అన్నాడు. "ఒకటి, రెండు..."

ఎనిమిది దాకా పీల్చారు. నిలిపారు. ఐదు దగ్గర రెండో వరుసలో సుశీలమ్మకు దగ్గు తెర వచ్చింది. వంగిపోయి బేసిను అంచు పట్టుకుంది. ఆ అలజడిలో సిద్దమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు రెండుసార్లు ఎగిరేలా దగ్గును మింగింది. గంగాధరం చూశాడు. తలుపు దగ్గర ఇనాయతుల్లా అక్క కొడుకు హఫీజ్ నిలబడి ఉన్నాడు. షెడ్డు అజమాయిషీ అతనిదే. అతను సుశీలమ్మను చూస్తున్నాడు. చెవి మీది పెన్సిలు తీసి కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకున్నాడు. హాజరు రాసుకుంటున్నాడనుకున్నాడు గంగాధరం. తన తరగతికి హాజరు కూడా వేస్తున్నారని లోపల చిన్న గర్వం కలిగింది.

మంగళవారం సుశీలమ్మ పొయ్యి చల్లగా ఉంది. బేసినులో నీళ్ళు లేవు. అడుగున ఒక పగిలిన గూడు ఎండి అతుక్కుని ఉంది.

"ఆమె రాలేదా?"

మునీరా కుంచె ఆపకుండానే చెప్పింది. "రావద్దన్న్యారు సార్. ఊపిరి సాలనోళ్ళు ఇంటికాడ ఉండేది మంచిదని హఫీజ్ బాయి సెప్పినాడు. మీరు ఊపిరి పరీక్ష పెడతాండారంట గదా. పన్నెండు పొయ్యిల్లో నాలుగు ఆర్పుతారంట."

"పరీక్ష ఏంది? నేను..."

"మాకేం తెల్సు సార్. మీరు లెక్క సెప్తారు, ఆయన రాసుకుంటాడు." అని ఒక్క క్షణం తలెత్తి అతన్ని చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. బస్సు కోసం చూసినట్టు చూసింది.

ఇనాయతుల్లా గదిలో గోడవారగా అమ్ముడుపోని దారం చిలపలు, చుట్టలు చుట్టలుగా, గుట్టగా పడి ఉన్నాయి. పై వరుసలో దుమ్ము పట్టి మెరుపు తగ్గింది. ఆయన లేచి కుర్చీ జరిపాడు, టీ చెప్పాడు, ఫ్యాను తన వైపు నుంచి గంగాధరం వైపు తిప్పాడు.

"మీకు చెప్పి ఉండాల్సింది సాబ్. తప్పు నాదే" అన్నాడు. "బెంగుళూరులో చైనా దారం దిగినాక మన దారాన్ని చూసేవాడు లేడు. నాలుగు పొయ్యిలు ఆర్పక తప్పదు. ఎవర్ని పొమ్మనేది? సుశీలమ్మ మా అమ్మీ ఉండేకాలం నుంచి చేస్తాండాది. సిద్దమ్మ పంతొమ్మిదేళ్ళు. నా నోటితో నేను ఎట్ల చెప్పేది? ఖుదా కసమ్, రెండు నెలలు నిద్ర లేదు. అప్పుడు మీ కసరత్తు కనబడె. ఎవరికి ఊపిరుండాదో ఎవరికి లేదో అదే చెప్తాండాది. నా మాట లేదు, హఫీజ్ మాట లేదు. నా మతం వాళ్ళని ఉంచుకున్న్యానని ఒకరు అనలేరు, మీ కులం వాళ్ళని ఇంకొకరు అనలేరు. ఇంతకన్నా న్యాయం ఏముండాది సాబ్?"

వాళ్ళ ఊపిరి పోయింది ఈ షెడ్డులోనే గదా అనే వాక్యం గంగాధరం నోట్లో తయారైంది. దాని చివర 'గదా' తీసేస్తే బాగుంటుందా అని ఆలోచించాడు. ఆలోచిస్తుండగా టీ వచ్చింది. గ్లాసు అందుకోవడానికి చేయి చాపాక ఆ వాక్యం అనే వీలు పోయింది. మొదటి గుక్కతో అది లోపలికి దిగిపోయింది.

"అది పరీక్ష కాదు" అన్నాడు గంగాధరం చివరికి. "ఆరోగ్యానికి."

"నేనూ అదే అంటాండాను. ఆరోగ్యం లేనోళ్ళు ఈ ఆవిర్లో ఉంటే పాపం కాదా?"

"నేను రావడం మానేస్తే?"

ఇనాయతుల్లా నిజంగానే బాధపడ్డాడు. "మానేయొద్దు. మీరు లేకపోతే హఫీజ్ చేయిస్తాడు. ఒకటి నుంచి ఎనిమిది వానికీ వచ్చు. మీరైతే మెల్లగా, మర్యాదగా చెప్తారు." లేచి గంగాధరం భుజం తట్టాడు. "మీ ఊపిరి చూస్తే ముచ్చటేస్తాది సాబ్."

ఆ సాయంత్రం గంగాధరం ఆఫీసు నుంచి ఇంటికి పోలేదు. పుంగనూరు బస్సు ఆగే చోట నిలబడ్డాడు. సిద్దమ్మ టమోటా గంపల పక్కన, మిగతా ఆడవాళ్ళకు కొంచెం ఎడంగా కూర్చుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది. కూర్చోమని చేయి ఊపాడు. మళ్ళీ తన చేయి. అది చెప్పినట్టే ఆమె కూర్చుంది.

"నిన్న నేను చూసినాను" అన్నాడు.

"నాకు తెల్సు సార్. మీరు సూసినారు, ఆ హఫీజ్ యప్ప సూల్లేదు." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎట్లైనా నన్ను పాసు సేయండి సార్. మా ఇంట్లో పొయ్యి ఆడ షెడ్డులో నా పొయ్యి మీదనే మండుతాది. మా ఇంటాయన క్వారీలో కాలు ఇరగ్గొట్టుకోని మంచం మీద ఉండాడు. ఏరే పనికి పోదామంటే ఈ సేతులు సూడండి." చేతులు చాపింది. "కలుపు తీసేకి పోతే సేతిలో గడ్డి నిలబడదు. శెనక్కాయ ఒలిస్తే తోలు లేస్తాది. ఈటికి దారం తప్ప ఇంకేం తెలీదు."

"ఊపిరి నిలపాల్సిన పని లేదమ్మా. నిలిపినట్టు నోరు మూసుకుని ఉండు. లోపల మెల్లగా పీలుస్తూ ఉండు. ఎవరికి తెలుస్తుంది?"

"మోసమా సార్?" అని నవ్వింది. పైపన్ను ఒకటి లేదు. "నాకేం బయ్యం లేదు, సేస్తాను. దగ్గుకు సెప్పండి మోసం సేయమని."

"ఏదీ, ఇక్కడ ఒకసారి చూద్దాం."

బస్సు రాలేదు. టమోటా గంపల మధ్య ఆమె వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. గంగాధరం పెదవుల్లోనే లెక్కపెట్టాడు. ఎనిమిది దాకా పీల్చింది. నిలిపింది. ఎనిమిది దాటింది. పది. పన్నెండు. ఆమె కళ్ళు అతని పెదవుల మీదే ఉన్నాయి. పదిహేను. పద్దెనిమిది దగ్గర తనంతట తానే మెల్లగా వదిలింది. దగ్గు లేదు. గరగర లేదు.

"సూసినారా!" చిన్నపిల్లలా తొడ మీద చరుచుకుంది. "ఈడైతే ఎంతసేపైనా నిలుస్తాది. మా ఊర్లో గుట్టెక్కి కట్టెలు తెస్తాను సార్, గస అనేదే రాదు. ఆడ గడప లోపల కాలు పెడ్తేనే గొంతులోకి బొచ్చు దూరినట్లైతాది. పెద్ద ఊపిరి తీసుకోమంటారు గదా మీరు, అప్పుడు ఇంకా లోపలికి పోతాది."

బస్సు వచ్చింది. ఆమె సంతోషంగా ఎక్కింది. కిటికీలోంచి మళ్ళీ ఒకసారి ఛాతీ నింపి చూపించింది. గంగాధరం తలూపాడు. బస్సు పోయాక కూడా అక్కడే నిలబడ్డాడు. బొడ్డు దాకా నింపుకోండి అని తను పది రోజులు చెప్పాడు. దేన్ని నింపుకోమన్నాడు? ఆ షెడ్డులో తను ఎప్పుడూ నిండుగా పీల్చలేదని అప్పుడు గుర్తొచ్చింది. లెక్క చెప్పేవాడికి మాట్లాడే పని ఉంటుంది, పీల్చే పని ఉండదు.

బుధవారం ఊపిరి నిలిపే భాగం వదిలేశాడు. పీల్చడం తగ్గించి నాలుగు దాకా అన్నాడు. వెంటనే వదలమన్నాడు. పదకొండు మందీ వదిలారు. గండం గడిచిందన్నట్టు మునీరా పక్కావిడను మోచేత్తో పొడిచింది.

"సార్" అన్నాడు తలుపు దగ్గరి నుంచి హఫీజ్, మర్యాదగానే. "నిలిపేది మర్సిపోయినారు. ఎనిమిది గదా."

"ఇవాళ అది వద్దులే హఫీజ్."

"అట్లైతే సుశీలమ్మ వచ్చి అడగదా సార్? నాకు మాత్రం ఎనిమిది పెట్టి, వాళ్ళకు నాలుగు ఎందుకు పెట్టినారని? ఏం చెప్పేది ఆమెకు?"

గంగాధరం నోరు తెరిచాడు. బయటికి వచ్చింది ఒకటి. తర్వాత రెండు. తన గొంతు ఎంత సమంగా పోతోందో విని అతనికే ఆశ్చర్యం వేసింది. మనిషి లోపల ఒకడు నిలబడి వద్దు వద్దు అంటుంటే, అలవాటు అనేవాడు పక్కనుంచి నడిచిపోయి పని చేసి వస్తాడు. ఆరు దగ్గర మొదటి వరుసలో ఇద్దరు దగ్గారు. పెన్సిలు రెండుసార్లు కదిలింది. సిద్దమ్మ ముఖం నల్లబడింది గాని ఎనిమిది దాకా ఆగింది. ఆగి, అతని వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. పాసయ్యానన్నట్టు.

గురువారం ముందుగానే వచ్చి, కసరత్తు బయట వాకిట్లో చేయిద్దామని అడిగాడు.

"బయటికి పోయి వచ్చేలోగా నీళ్ళు సల్లారతాయి సార్, గూళ్ళు గట్టిపడతాయి" అన్నాడు హఫీజ్. కొంచెం ఆగి, నిజంగా అర్థం కాక అడిగాడు. "వాళ్ళు పని చేసేది వాకిట్లో కాదు గదా. బయట ఊపిరి ఎంతుంటే మాకేం?"

ఆ రోజు ఎవరూ దగ్గలేదు. మూడు పొయ్యిలు చల్లగా ఉన్నాయి. ఇంకొకటి మిగిలింది. "రేపు జుమ్మా నమాజు లోపల తేల్చేద్దాం, మామూ కూడా వచ్చి చూస్తాడు" అన్నాడు హఫీజ్, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ.

శుక్రవారం పొద్దున గంగాధరం మిద్దె ఎక్కలేదు. వంటింటి గడపలో కూర్చున్నాడు. వసంతమ్మ పొడి కోసం ఎండుమిరపకాయలు వేయిస్తోంది.

"ఈ పొద్దు ఆకాశాన్ని వదిలేసినారే?"

జరిగింది చెప్పాడు. ఆమె గరిటె తిప్పుతూ విన్నది.

"మానేస్తే సరిపాయె."

"మానేస్తే హఫీజ్ చేయిస్తాడు."

"మీరు చేయించకుండా పోతే ఆ పాపం మీకు అంటదు గదా."

"అంటదు. సిద్దమ్మ మాత్రం పోతుంది."

"మీరుంటే?"

"నేనున్నా పోతుంది."

వసంతమ్మ ఏదో అనబోయింది. మిరపకాయల ఘాటు లేచింది. ముందు ఆమె దగ్గింది, తర్వాత గంగాధరం. పక్కింట్లో కూడా ఎవరో తుమ్మి, "ఏమ్మే వసంతమ్మా, సంపుతాండావే!" అని అరిచారు. వసంతమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"సూడండి, వీధి వీధంతా దగ్గుతాండాది. ఎవరినని ఇంటికి పంపేది?"

గంగాధరం నవ్వలేదు. కాఫీ తాగి, ఫారాలున్న సంచీ తగిలించుకుని బయల్దేరాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకున్నాడు. తిరిగితే ఏమవుతుందో తెలుసు. తిరగకపోయినా ఏమవుతుందో తెలుసు. రెండిటికీ మధ్య తేడా వెతుకుతూ కాళ్ళు షెడ్డు దాకా తీసుకొచ్చాయి.

ఇనాయతుల్లా తెల్ల జుబ్బా వేసుకుని, అత్తరు రాసుకుని, తలుపు లోపల నిలబడి ఉన్నాడు. ఈ వాసనలో అత్తరు నిలవలేదు. పక్కన హఫీజ్. తొమ్మిదిమంది టీ గ్లాసులు కింద పెట్టి లేచారు. మునీరా కూడా జోకు వేయలేదు. తడి చేతులు చీరలకు తుడుచుకుని బేసిన్ల పక్కన నిలబడ్డారు. ఎవరికి వారు పక్కవాళ్ళను చూడకుండా చూసుకుంటున్నారు. ఒకరు దగ్గితే మిగతా ఎనిమిదిమందీ బతుకుతారు. ఆ సంగతి అందరి ముఖాల్లోనూ ఉంది. అలా ఉన్నందుకు సిగ్గు కూడా ఉంది.

గంగాధరం చేతులెత్తాడు. తొమ్మిది జతలు లేచాయి. ఆకాశం మోశారు. ఒక పక్కకు వంగారు, ఇంకో పక్కకు వంగారు. అయిదో కదలికలో సిద్దమ్మ చేతులు లేని దారాన్ని తీసుకుంటూ పోయాయి. ఇవాళ కూడా అవి ఎక్కడా తెగలేదు. ఇనాయతుల్లా కూడా ఆ చేతుల్నే చూస్తున్నాడని గంగాధరం గమనించాడు. ఆయనకు ఆ చేతి విలువ తెలుసు. తెలిసినవాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఊపిరి సాబ్" అన్నాడు మెల్లగా.

"ఒకటి" అన్నాడు గంగాధరం.

పీల్చారు. పొయ్యిల పైనుంచి ఆవిరి వాళ్ళ ముఖాల వైపు వంగినట్టనిపించింది. ఎనిమిది అయింది. నిలిపారు. రాట్నాలు ఆగి ఉన్నాయి. బేసిన్లలో గూళ్ళు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపించింది.

"ఒకటి. రెండు."

సిద్దమ్మ నోరు గట్టిగా మూసుకుంది. కళ్ళు అతని పెదవుల మీదే ఉన్నాయి, బస్సుల దగ్గర ఉన్నట్టే. అతను చెప్పిన మోసం చేస్తోంది. ముక్కుతో కొద్దికొద్దిగా తీసుకుంటోంది. తీసుకున్న కొద్దీ గొంతు దగ్గర నరం ఎగిరిపడుతోంది.

"మూడు."

తొందరగా అనేయొచ్చు. హఫీజ్ వేళ్ళతో తొడ మీద తాళం వేస్తున్నాడు, తన లెక్కతో పాటే.

"నాలుగు."

ఆమె భుజాలు ఒకసారి ఎగిరాయి. కళ్ళ కొసల్లో నీళ్ళు. తెల్లబడిన వేళ్ళు చీర అంచును చుట్టుకుని, ఇంకా చుట్టుకుని, బిగుసుకున్నాయి. ఇంకొక్క క్షణం. హఫీజ్ తల మెల్లగా ఆ వరుస వైపు తిరుగుతోంది. పెన్సిలు చెవి మీది నుంచి చేతిలోకి వచ్చింది.

"ఐదు" అన్నాక గంగాధరం ఆగాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆ షెడ్డు గాలిని బొడ్డు దాకా, నిండుగా, తను చెప్పినట్టే పీల్చాడు. గొంతులో బొచ్చు దూరినట్టయింది. ఆమె చెప్పింది నిజమే. ఆ ఊపిరిని నిలపాలని ఒళ్ళు అలవాటుగా ప్రయత్నించింది. ముప్పై దాకా నిలిపేదే.

అతను నిలపలేదు. ఆరు అనాల్సిన చోట, యజమాని ముందు, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గట్టిగా దగ్గాడు.